సాహిత్య విభాగం వార్షిక నివేదిక, 2024-25

సభ్యులందరికీ నమస్కారం.

చలివేంద్రం, మొక్కలు నాటడం, పిల్లల సంక్రాంతి పోటీలు ఎప్పటిలాగే జరిగాయి. వాటి లెక్కలు కోశాధికారి గారు చదువుతారు. సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి సింగ్‌నగర్ మునిగినప్పుడు కథలు పక్కనపెట్టి, చేతనైనన్ని భోజనం పొట్లాలు, నీళ్ల సీసాలు పట్టుకెళ్లాం. ఆ నెల సమావేశం పెట్టలేదు.

ఇక సాహిత్య విభాగం. ఏడాదిలో చదివిన కథలన్నిటి గురించీ రాస్తే మీరు కుర్చీల్లోనే నిద్రపోతారు. అందుకని బాగా గొడవ జరిగిన ఒక్కదాని గురించే చెబుతాను. అది డబ్ల్యూ. డబ్ల్యూ. జాకబ్స్ రాసిన 'ద మంకీస్ పా'. 1902 నాటి ఇంగ్లీషు దెయ్యం కథ. ఇండియాలో 21 ఏళ్లు పనిచేసిన సార్జెంట్ మేజర్ మోరిస్ ఎండిపోయిన కోతి పంజా ఒకటి వైట్ గారింటికి తెస్తాడు. దాన్ని పట్టుకుని మూడు కోరికలు కోరవచ్చు. విధితో ఆటలాడితే ఏమవుతుందో చూపించడానికి ఒక ఫకీరు దానికి మంత్రం వేశాడట. "మంత్రాలన్నీ మన దగ్గర్నుంచే ఎగుమతి" అని ఒకరు విసిరిన మాటకు హాలంతా నవ్వింది గానీ, అందులో నిజం లేకపోలేదు.

చాలామంది 'దురాశ దుఃఖానికి చేటు' అని తేల్చేసి వచ్చారు. బ్యాంకులో రిటైరైన ఒక సభ్యుడు ఒప్పుకోలేదు. పంజా చేతిలోకి వచ్చాక వైట్ అనే మొదటి మాట, తనకు కావాల్సినవన్నీ ఉన్నాయనే. ఇంటి అప్పు తీరితే చాలు కదా నాన్నా, రెండు వందల పౌండ్లు అడుగు అని ఎగదోసింది కొడుకు హెర్బర్ట్. ఈఎంఐలు కట్టేవాళ్లున్న హాల్లో దాన్ని దురాశ అనడానికి ఎవరికీ నోరు రాలేదు. అసలు వైట్ స్వభావం కథ మొదట్లోనే ఉంది. కొడుకుతో చదరంగం ఆడుతూ అవసరం లేకుండా రాజును ప్రమాదంలోకి నెడతాడు, పొరపాటు కనబడగానే కొడుకు దృష్టి మళ్లించాలని బయట గాలి హోరు గురించి మాట్లాడతాడు. ఆ పేరా రెండుసార్లు చదివించాం.

వైట్ ఆ రెండు వందలే కోరతాడు. మర్నాడు హెర్బర్ట్ పనిచేసేచోట మిషన్లో పడి చనిపోతాడు. కంపెనీ మనిషి వచ్చి, బాధ్యత మాది కాదు, అయినా మీ అబ్బాయి సేవలకు గుర్తుగా ఇస్తున్నామంటాడు. సరిగ్గా రెండు వందల పౌండ్లు. "మా ఫ్యాక్టరీలో దీన్ని ఎక్స్‌గ్రేషియా అనేవాళ్లం" అన్నారొక పెద్దాయన. నా మటుకు నాకు చివర్లో తలుపు తట్టిన చప్పుడుకన్నా ఈ మర్యాదే ఎక్కువ భయపెట్టింది. పంజా అంటే విధి అనేవాళ్లు అనండి, నాకది మనిషికి కట్టే ఖరీదులాగే కనబడింది.

మహిళా సభ్యులు మాత్రం మిసెస్ వైట్ పక్షం. కొడుకును బతికించమని పట్టుబట్టి భర్తచేత రెండో కోరిక కోరించి, తలుపు చప్పుడు కాగానే వాడే వచ్చాడని, గొళ్లెం అందక కుర్చీ లాక్కుని తలుపు తీయబోయే తల్లిని పిచ్చిదంటే ఊరుకోలేదు. శవాన్ని బట్టల్ని బట్టి గుర్తుపట్టినవాడు తండ్రి, అందుకే ఆ తలుపు చప్పుడు ఆగిపోయేలా చేసిన మూడో కోరిక అతనిది, అని ఒకావిడ చెప్పాక వాదన ఆగింది.

వచ్చే ఏడాది మొదటి కథ ఎడ్గర్ ఆలన్ పో 1842లో రాసిన 'ద మాస్క్ ఆఫ్ ది రెడ్ డెత్'. జిరాక్స్ కాపీలు నా దగ్గర తీసుకోండి. టీ ఖర్చు ఇకపై వచ్చినవాళ్లే వేసుకోవాలని కమిటీ తీర్మానించింది.

- కార్యదర్శి, సత్యనారాయణపురం, విజయవాడ