ముందు గోడ, తర్వాత సోఫా

అంబత్తూరు, చెన్నై,
ఆదివారం పొద్దున

అమ్మణ్ణీ,

ఇక్కడ అందరం క్షేమం. అమ్మ మోకాలు కాస్త నెమ్మదించింది, గోడ పట్టుకోకుండానే మేడ ఎక్కుతోంది. పెరట్లో కరివేప మళ్ళీ చిగురేసింది. నువ్వు ఫోన్ చేసి 19 రోజులైంది. ఆఫీసూ షెడ్డూ రెండూ నెత్తినేసుకున్నావు, తీరిక ఉండదు, అందుకని నేనేమీ అనుకోవడం లేదు. ఇంటి వెనక వెల్డింగ్, ఇనుప పనికి షెడ్డు ప్లాను పంపి "చూసి చెప్పు నాన్నా" అన్నావు కదా, ఆ జవాబు రాద్దామనే కూర్చున్నాను.

రాజ్యం అత్త మాత్రం ఒక మాట అంది. గ్రూపులో నువ్వు పెట్టిన ఫొటోలో ఎడమ బొటనవేలికి కట్టు ఉందట. నేను తెరిచేసరికి ఆ ఫొటో లేదు. అత్తకు చత్వారం, ఏదో చూసి ఏదో అనుకుని ఉండొచ్చు. సరే, ప్లాను సంగతి.

బెంగళూరు రామమూర్తినగర్‌లో 30×40 సైటు, వెనక ఖాళీలో 25 అడుగుల పొడవు, 11 అడుగుల వెడల్పు. 16 అడుగులు పనికి, 9 అడుగులు కూర్చోవడానికి. లెక్క బాగానే ఉంది. మధ్యలో గోడ లేదు. "ఓపెన్‌గా ఉంటే ఫ్రెండ్స్‌తో మాట్లాడుతూ పని చేసుకోవచ్చు" అని పక్కన రాశావు. అక్కడే ఒక మూల పాత సోఫా, కింద తివాచీ, బీన్ బ్యాగ్ గీశావు. ఈ ఒక్కటి మాత్రం నేను ఒప్పుకోను తల్లీ.

మంటపని, అంటే వెల్డింగ్, గ్రైండింగ్ లాంటి రవ్వలు రాలే పని, చేసే చోటుకి చుట్టూ 35 అడుగుల లోపల అంటుకునేది ఏదీ ఉండకూడదన్నది ఈ వృత్తిలో లెక్క. నీ హాలు ఈ చివర నుంచి ఆ చివరకి 25 అడుగులే. రవ్వ మెరిసినంతసేపే కనబడుతుంది, ఆరిపోయిందనుకుంటాం. వెల్డింగ్ నుంచి రాలే పూస నల్లబడ్డాక కూడా లోపల వేడిగానే ఉంటుంది, గచ్చు మీద దొర్లుకుంటూ పోయి ఏ సందులోనో ఆగుతుంది. అది ఆగే సందు సోఫా కుట్టు కాకూడదు.

సుబ్బు మామ షెడ్డు కాలిందని నీకు తెలుసు, ఎలా కాలిందో తెలియదు. అప్పుడు నువ్వు రెండో తరగతి. ఇక్కడ పాడి పేటలో వాళ్ళ ఇంటి కిందే షెడ్డు, దీపావళి ముందు గ్రిల్ పనులు ఎక్కువగా ఉండేవి. మధ్యాహ్నం కుర్రాళ్ళు నడుం వాలుస్తారని పాత కారు వెనక సీటు ఒకటి తెచ్చి లోపలి గోడకి వేశాడు. రెక్సిన్ ఒక పక్క కుట్టు ఊడి జానెడు మేర నోరు తెరిచి ఉండేది. ఆరోజు సాయంత్రం ఆరున్నరకి ఆఖరి గేటు కోశారు. ఊడ్చారు, మెయిన్ ఆపారు, షట్టర్ దించారు, అన్నీ పద్ధతిగానే చేశారు. పది దాటాక రాజ్యం అత్తకి గొంతులో మంట పుట్టి మెలకువ వచ్చింది. కరెంటు తీగ కాలుతోందనుకుని ఆవిడ స్విచ్చులన్నీ తడిమింది. కింద వీధిలో షట్టర్ అడుగు నుంచి పసుప్పచ్చ పొగ. మామ దిగి షట్టర్ పైకి లాగాడు, లాగగానే అప్పటిదాకా రగులుతున్నది కాస్తా గాలి తగిలి భగ్గుమంది. దూది, స్పాంజి అలాంటివే, నాలుగు గంటలు మంట లేకుండా లోలోపలే కుంపటిలా రగులుతాయి. ఎవరికీ ఏమీ కాలేదు, పిల్లల్ని వెనక మెట్ల మీదుగా దించేశారు. రెండు మోటార్లు పోయాయి, అత్త కుట్టుమిషనూ, ఆవిడ కొలతలు రాసుకున్న పుస్తకమూ పోయాయి. తర్వాత మామ టేపు పెట్టి కొలిచాడు. కోత కోసిన చోటు నుంచి సీటు దాకా 22 అడుగులు. ఆ అంకె ఆయన గోడ మీద సుద్దతో రాసిపెట్టాడు, షెడ్డు అమ్మేదాకా చెరపలేదు. అత్త కన్ను ఫొటోలో చేతుల మీదికే ఎందుకు పోతుందో ఇప్పుడు అర్థమైందనుకుంటాను.

అందుకని గోడ. 6 అంగుళాల సాలిడ్ సిమెంటు దిమ్మెలతో రూఫు షీటు దాకా లేపి, రెండు వైపులా పూత వేయించు. పైన గ్యాప్ వదిలితే పొగంతా అటే పోతుంది. తలుపు రెండు పక్కలా రేకు కొట్టింది, తనంతట తను మూసుకునేది. కూర్చునే గది నేల పనిగది కన్నా 4 అంగుళాలు ఎత్తులో ఉండాలి. దొర్లే పూసని ఆ మెట్టే ఆపుతుంది. గోడలో 3 అడుగులు, 2 అడుగుల టఫెన్డ్ గాజు కిటికీ ఒకటి, తెరుచుకోనిది. పనిగది వైపు దానికి ఎర్ర వెల్డింగ్ కర్టెన్ వేలాడదియ్యి. వెల్డింగ్ వెలుగు పక్కన కూర్చున్నవాళ్ళ కళ్ళని కూడా దెబ్బతీస్తుంది, అప్పటికి ఏమీ తెలియదు, ఆరేడు గంటలు పోయాక అర్ధరాత్రి కళ్ళలో ఇసుక పోసినట్టు మండుతుంది. నీకంటే హెల్మెట్ ఉంది, 10 లేదా 11 షేడ్ గ్లాసు. టీ తాగడానికొచ్చిన పిల్లకి ఏముంది?

ఇంకో మాట. ఆఖరి రవ్వ పడ్డాక ఒక గంట ఎవరో ఒకరు ఆ చోటుని చూస్తూ ఉండాలి. నీ కూర్చునే గది అసలు అందుకే పనికొస్తుంది! ఆరున్నరకి పని ఆపు, కర్టెన్ పక్కకి లాగెయ్, కిటికీకి ఎదురుగా కూర్చుని ఏడున్నర దాకా కబుర్లు చెప్పుకోండి. వెళ్ళేముందు బల్ల కిందా, మూలలూ అరచెయ్యి దగ్గరగా పెట్టి చూసి తాళం వెయ్యి. కూర్చోవడానికి కడప బండలతో అరుగులు కట్టించు, నేల నుంచి 17 అంగుళాల ఎత్తు, బండ అంచులు గుండ్రంగా అరగదీయించు. దిండ్లు కావాలంటే రోజూ ఇంట్లోంచి తెచ్చుకుని ఇంట్లోకే తీసుకుపో. టీకి ఇండక్షన్ స్టవ్ చాలు, వంట గ్యాస్ సిలిండర్ ఆ కప్పు కిందికే రాకూడదు.

గచ్చు గురించి అడిగావు. టైల్స్ వద్దు, సుత్తి జారితే పగులుతాయి, ఇనుప రజను పడితే జారతాయి. కింద 6 అంగుళాల కంకర దిమ్మెసతో కొట్టించి, పైన 5 అంగుళాల కాంక్రీటు, సిమెంటు, ఇసుక, కంకర 1:1½:3. పనిగదికి 17 బస్తాల సిమెంటు పడుతుంది. కనీసం 7 రోజులు నీళ్ళు కట్టించు, 14 అయితే మేలు. గ్యాస్ కటింగ్ ఎప్పుడైనా చేస్తే మంట గచ్చు మీదికి పోనివ్వకు, లోపలి తేమ ఆవిరై గచ్చు పెళ్ళలుగా చిమ్ముతుంది. కింద ఇసుక ట్రే పెట్టుకో. అన్నట్టు ఇనుప పైపులు 20 అడుగులుంటాయి, నీ గది 16. వీధి వైపు సందుకి ఎదురుగా ఉన్న గోడలో నడుమెత్తున అడుగు చదరం కన్నం వదిలి రేకు మూత పెట్టించు, లేకపోతే ప్రతి పైపూ వీధిలోనే కోయాల్సొస్తుంది. 2 ఎమ్మెమ్ షీటు, 8×4ది, 47 కిలోలు. ఒక్కదానివే ఎత్తకు. షీటు అంచు చాకు లాంటిది, ముందుగా బొటనవేలికే తెగుతుంది.

ఎడమ బొటనవేలు అంటే నాకు మూడు కారణాలు తోస్తాయి. ఒకటి ఈ అంచు. అలా అయితే మోసేటప్పుడు తోలు గ్లవుజులు వేసుకో, కోసిన ప్రతి అంచునీ వెంటనే ఆకురాయితో రెండుసార్లు రుద్దు.

రెండోది డ్రిల్లు. పల్చటి రేకుని ఎడమచేత్తో అదిమిపెట్టి కుడిచేత్తో పిడి లాగితే, బిట్ అవతలికి దిగే క్షణంలో రేకు పట్టుకుని గిర్రున తిరుగుతుంది. రెండు ప్లైవుడ్ ముక్కల మధ్య పెట్టి క్లాంప్ బిగించి కన్నం వెయ్యి. 10 ఎమ్మెమ్ బిట్‌కి నిమిషానికి 800 చుట్లు చాలు, 6 ఎమ్మెమ్‌కి 1,300. డ్రిల్లు దగ్గర మాత్రం గ్లవుజులు వద్దే వద్దు, బిట్ గ్లవుజుని పట్టుకుంటే వేలితో సహా లాక్కుంటుంది. జడ ముడేసి టోపీ పెట్టుకో. చున్నీ, గాజులు సరేసరి. ఆఫీసు నుంచి రాగానే మెడలో కార్డు తాడుతోనే షెడ్డులోకి దూరతావని అల్లుడే ఓసారి అన్నాడు, ఆ తాడు గుమ్మం బయట మేకుకి తగిలించి లోపలికి రా.

మూడోది గ్రైండర్. ఇది కాకూడదనే కోరుకుంటున్నాను. 4 అంగుళాల గ్రైండర్ నిమిషానికి 11,000 చుట్లు తిరుగుతుంది, వీల్ అంచు వేగం గంటకి 200 కిలోమీటర్ల పైనే. పైపుని రెండు చివరలా ఆనించి మధ్యలో కోస్తే పైపు కుంగి కోత నోరు మూసుకుంటుంది, వీల్ ఇరుక్కుని మిషను వెనక్కి తంతుంది. తెగి పడాల్సిన కొసకి కింద ఆధారం లేకుండా, మిగతా భాగం బల్ల మీది దవడల పట్టు, అంటే వైస్‌లో బిగించి కొయ్యి. గార్డు ఊడదీయకు, 5 అంగుళాల వీల్ ఎక్కించడానికి అసలే ఊడదీయకు. పిడి రెండు చేతులతో పట్టుకుంటే ఎడమ బొటనవేలు జాబ్ (కోసే ముక్క) మీద ఉండే అవకాశమే లేదు. వీల్ మధ్య ఇనుప రింగు మీద గడువు తేదీ ఉంటుంది, ఎస్.పి. రోడ్డులో కొనేటప్పుడు చూసి కొను. బెంగళూరు వానల్లో చెమ్మ తగలకుండా డబ్బాలో పెట్టుకో.

వైస్ అన్నాను కదా, దాని కదలని దవడ బల్ల అంచు దాటి ఒక పిసరు బయటికి ఉండేలా బిగించు, పొడవాటి పట్టీ నిలువుగా పట్టించినప్పుడు బల్లకి తగలకూడదు. ఎత్తు నీ మోచేతి దాకా. నా ఎత్తుకి లెక్కేసి చెయ్యకు.

కరెంటు. వెల్డింగ్ మిషన్‌కి డీబీ (ఇంటి కరెంటు పంపిణీ పెట్టె) నుంచి నేరుగా 6 స్క్వేర్ ఎమ్మెమ్ రాగి వైరు, విడిగా 32 ఆంప్స్ సీ టైపు ఎంసీబీ (లోడు మించితే ఆపే స్విచ్చు), ఇనుప బాడీ ఇండస్ట్రియల్ సాకెట్. సాకెట్లన్నిటికీ, షాక్ తగిలితే కరెంటు ఆపే 30 మిల్లీ ఆంప్స్ ఆర్‌సీసీబీ. లైట్లు వేరే సర్క్యూట్‌లో ఉండాలి. గ్రైండర్ వల్ల ట్రిప్ అయితే వీల్ ఇంకా తిరుగుతుండగానే గది చీకటైపోకూడదు. ఎక్స్‌టెన్షన్ వైరు చుట్టగా ఉంచి వాడకు, పూర్తిగా విప్పు, చుట్ట లోపలే కాలుతుంది. కరెంటు కంపెనీ బెస్కామ్ వాళ్ళ దగ్గర ఇంటి లోడు ఎంత రాయించారో బిల్లులో చూసి, చాలకపోతే ముందే పెంచమని అర్జీ పెట్టు. మొదలు సన్నటి 12 నంబర్ వెల్డింగ్ రాడ్ చాలు, 70, 80 ఆంప్స్‌లో నడుస్తుంది, చెయ్యి కుదిరాక లావాటి 10 నంబర్. ఎర్త్ క్లాంప్ జాబ్‌కే, పెయింటు గీకిన చోట, వెల్డ్ దగ్గరగా తగిలించు.

జీఐ పైపు చవగ్గా దొరికిందని అతికేయకు. మీద జింకు పూత ఆవిరై పొగ పీలిస్తే సాయంత్రానికి చలిజ్వరం. అతుకు చుట్టూ రెండంగుళాలు పూత గ్రైండ్ చేసెయ్, మాస్కు పెట్టుకో, ఎగ్జాస్ట్ ఫ్యాన్ పొగని నీ ముఖం మీదుగా కాకుండా పక్కకి లాగేలా ఉండాలి. మంటలార్పే 6 కిలోల ఏబీసీ పౌడర్ సిలిండర్ తలుపు పక్కనే, లోపలి మూల కాదు, మంట దాటి పోవాల్సిన పని పడకూడదు. రెండు బకెట్ల ఇసుక. చట్టం ప్రకారం రాత్రి 10 దాకా చప్పుడు చెయ్యొచ్చు, ఇళ్ళ మధ్య పగలు 55 డెసిబెల్స్ వరకే. గ్రైండర్ 100 దాకా పోతుంది. గోడ కట్టాక వెలుపలికి ఎంత వినిపిస్తుందో పక్కింటి గుమ్మంలో నిలబడి నువ్వే విను, చెవులకి ప్లగ్గులు పెట్టుకో.

వేలి సంగతి మళ్ళీ వస్తోంది. దెబ్బ తగిలిన రోజే ధనుర్వాతం రాకుండా ఇంజక్షన్ వేయించుకున్నావా? ఇనుము కోసింది చిన్నదే అనిపిస్తుంది, లోపల రజను ఉండిపోతుంది. వాపుగానీ, ఎర్రగా పైకి పాకడంగానీ, రాత్రి సలుపుగానీ ఉంటే సొంత వైద్యం వద్దు. కుట్లు పడ్డాయా? బొటనవేలు పూర్తిగా మడవగలుగుతున్నావా? తిట్టను. మీ అమ్మకి కూడా నేనే నెమ్మదిగా చెబుతాను.

ఎదురింటి అబ్బాయి బుధవారం బృందావన్ ఎక్స్‌ప్రెస్‌లో వస్తున్నాడు. తోలు ఏప్రన్, రెండు జతల గ్లవుజులు, సుబ్బు మామ చిన్న దాగలి (ఇనుము పెట్టి కొట్టే దిమ్మె) పంపుతున్నాను. దాగలి 12 కిలోలుంది, స్టేషన్‌కి అల్లుణ్ణి పంపు, నువ్వు ఆ చేత్తో మొయ్యకు. గోంగూర పచ్చడి సీసా గుడ్డలో చుట్టి ఏప్రన్ మధ్యలో పెట్టింది అమ్మ, నూనె కారకుండా నిలబెట్టి తియ్యి.

గోడకి మేస్త్రీ ఎంత అడిగాడో రాయి, నేను కొంత పంపుతాను. ఈ ఉత్తరం అందగానే ఎడమచెయ్యి ఫొటో పంపు. కట్టు మార్చేటప్పుడు, పగటి వెలుతురులో, ముందూ వెనకా రెండూ. గ్రూపులో కాదు, నాకు.

నాన్న