కార్తీక దశమికి రాలేనురా, ఎందుకో చెప్తా విను

ఒరేయ్ సూరీ,

కార్తీక దశమి నాడు గృహప్రవేశం, తప్పకుండా రావాలన్న నీ వాయిస్ మెసేజ్ మూడుసార్లు విన్నా. మొదటిసారి నవ్వొచ్చింది, రెండోసారి కాస్త సిగ్గేసింది, మూడోసారి మాత్రం "నక్షత్రాలేమన్నా పారిపోతాయా, వచ్చే వారం చూసుకోరాదా" అన్న ముక్క దగ్గర ఆగిపోయా. నక్షత్రాలు పారిపోవులే. వాటిని చూసే పెట్టె ఉంది చూశావూ, అది పారిపోతుంది. ఫోన్లో చెప్తే మధ్యలో అడ్డు తగులుతావు కాబట్టి ఉత్తరం రాస్తున్నా. టీ పెట్టుకుని కూర్చో, పొడుగ్గానే ఉంటుంది.

దేవస్థల్ అని నైనితాల్ దగ్గర కొండ, 2,400 మీటర్ల పైచిలుకు ఎత్తు. అక్కడ 3.6 మీటర్ల అద్దంతో టెలిస్కోప్ ఉంది. 2016 మార్చిలో మన ప్రధాని, బెల్జియం ప్రధాని బ్రస్సెల్స్‌లో కూర్చుని రిమోట్‌తో ప్రారంభించారు, తయారుచేసింది బెల్జియం కంపెనీ కాబట్టి. మీ అమ్మగారు అడిగినట్టు "కన్ను పెట్టి చూస్తే ఎలా కనిపిస్తుంది బాబూ" అంటే, అక్కడ కన్ను పెట్టే చోటే లేదు. అద్దం వెలుగంతా పోగుచేసి వెనక్కి పంపుతుంది, అక్కడ ఆ రోజు ఏ పెట్టె బిగించి ఉంటే ఆ వెలుగు దాని పాలు. ఫొటోలు తీసే ఇమేజర్ ఒకటి, మామూలు రంగుల్లో వర్ణపటం, అంటే వెలుగుని రంగులుగా విడగొట్టిన పట్టీ, తీసే ఏడీఫాస్క్ ఒకటి, ఆకుపచ్చ దగ్గర మొదలై ఎరుపు దాటి కంటికి కనపడని ఇన్‌ఫ్రారెడ్‌లోకి, అంటే 0.55 నుంచి 2.5 మైక్రాన్ల దాకా (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) ఒకేసారి వర్ణపటం తీసే టాన్‌స్పెక్ ఒకటి. మూడింటికీ ఉన్నది ఒకటే పెద్ద స్థానం. 2 టన్నుల దాకా మోసేలా కట్టారు దాన్ని, కానీ ఎంత మోసినా ఒకసారికి ఒకటే. ఇంట్లో గ్రైండర్, మిక్సీ ఉండి గోడకి ఒక్కటే ప్లగ్గు ఉన్నట్టు. పైగా ఈ ప్లగ్గు మార్చడానికి పగలంతా పడుతుంది, పెట్టె దించాలి, ఎక్కించాలి, బరువు సరితూకం చూడాలి, వైర్లు కలపాలి, రాత్రి ఒక నక్షత్రం మీద పెట్టి అంతా సరిగ్గా కూర్చుందో లేదో చూసుకోవాలి. అందుకని రోజుకొకటి మార్చరు. ఇన్ని రాత్రులు ఇది, ఇన్ని రాత్రులు అది అని ముద్దలు ముద్దలుగా పంచుతారు.

ఇక్కడిదాకా బానే ఉంది కదా. ఆ ముద్దలు ఎలా పంచుతారో చెప్తే నీకు నవ్వొస్తుంది, ఎందుకంటే మీ పంతులుగారు చూసేదీ మేం చూసేదీ ఒకటే, తిథి. దూరపు గెలాక్సీలు చూసేవాళ్లకి ఆకాశం కాటుకలా ఉండాలి, వాళ్లకి అమావాస్య చుట్టూ రాత్రులు కావాలి. ఇన్‌ఫ్రారెడ్ వాళ్లం మాత్రం వెన్నెల్లో కూడా పని చేసుకుంటాం. వెన్నెల నీలం రంగులోనే ఎక్కువ చెదురుతుంది, ఇన్‌ఫ్రారెడ్‌లో మన గాలే రాత్రంతా తనంతట తాను మెరుస్తూ ఉంటుంది, దాని ముందు చంద్రుడి వెలుగు పెద్ద లెక్కలోది కాదు. అందుకని ఏ అబ్జర్వేటరీలో అయినా మామూలుగా చీకటి రాత్రులు వాళ్లకీ, వెన్నెల రాత్రులు మాకూ. ఎవరికీ కోపం లేదు, మాకు మిగిలింది పెట్టారు అంతే. నా టేబుల్ ఎదురుగా గోడ మీద రెండు కాగితాలున్నాయి. ఒకటి ఎక్సెల్‌లో నేనే చేసుకున్న పట్టీ, వరసకో రాత్రి, పక్కన చంద్రుడు ఎంత శాతం వెలుగుతున్నాడో, ఏ పెట్టె బిగించి ఉందో, ఎవరి రాత్రో. రెండోది మీ షాపు క్యాలెండర్, పోయినేడాది నువ్వు ఇచ్చింది కాదు, ఈ ఏటిది, మీ నాన్నగారు పోస్టులో పంపారు. నిజం చెప్పాలంటే చంద్రుడి కోసం నేను ముందు చూసేది దాన్నే.

ఇప్పుడు నా గొడవ. నేను చూసేది వృషభరాశిలో కుర్ర నక్షత్రాల్ని. కృత్తికకీ రోహిణికీ దగ్గర్లో ధూళి మేఘాలున్నాయి, సుమారు 450 కాంతి సంవత్సరాల దూరం. వాటిల్లో ఇంకా పూర్తిగా తయారుకాని నక్షత్రాలు, చుట్టూ పళ్లెంలా తిరిగే ధూళి, ఆ పళ్లెంలోంచి వాయువు నక్షత్రం మీద పడుతూ ఉంటుంది. పడేటప్పుడు అందులోని హైడ్రోజన్ గీతలుగా వెలుగుతుంది, నాకు కావలసిన గీతలు 1.28 మైక్రాన్ల దగ్గర ఒకటి, 2.17 దగ్గర ఒకటి. ఆ గీత ఎంత పొడుగుంటే అంత వాయువు పడుతోందని లెక్క. టాన్‌స్పెక్ తప్ప మిగతా రెండు పెట్టెలకీ ఆ గీతలు కనపడవు. టాన్‌స్పెక్ ఏమో వెన్నెల రోజుల్లో బిగిస్తారు.

ఇక కార్తీకం అని ఎందుకంటారో గుర్తుందా, ఏడో తరగతిలో మాస్టారు చెప్పారు: ఆ నెల పౌర్ణమి నాడు చంద్రుడు కృత్తిక దగ్గర ఉంటాడు. అంటే సరిగ్గా నా నక్షత్రాల పక్కింట్లో! వచ్చే నెల మార్గశిరం, అప్పుడు పౌర్ణమి చంద్రుడు మృగశిర దగ్గర, అది కూడా పక్క వీధే. ఏడాదిలో నా నక్షత్రాలు అర్ధరాత్రి నడినెత్తికి వచ్చే నెలలే అవి, ఆ నెలల్లోనే నిండు చంద్రుడు వాటి మీదకి వచ్చి కూర్చుంటాడు. వెన్నెల పట్టదని గొప్పగా చెప్పానే, అది చంద్రుడు దూరంగా ఉన్నప్పటి మాట. ఏడెనిమిది డిగ్రీల దూరంలో నిండు చంద్రుడుంటే అద్దంలోకి, గొట్టంలోకి ఎక్కడెక్కడి నుంచో వెలుగు తిరిగి పడుతుంది, టెలిస్కోప్‌ని నక్షత్రం మీదే నిలిపి ఉంచడానికి పక్కన ఒక చిన్న నక్షత్రాన్ని పట్టుకుంటాం, అది కూడా ఆ వెలుగులో కలిసిపోతుంది. నేను నాకు నేను పెట్టుకున్న హద్దు 30 డిగ్రీలు. చంద్రుడు రోజుకి 13 డిగ్రీలు నడుస్తాడు, వెనక్కి లెక్కేసుకో. ద్వాదశి నాడు ఇంకా 49 డిగ్రీల దూరం, త్రయోదశి నాడు 36, చతుర్దశికి 23. నవమి, దశమి, ఏకాదశి అయితే హాయి, పైగా అర్ధరాత్రి దాటాక అస్తమించి పోతాడు, మిగతా రాత్రి చీకటే. అందుకే టెలిస్కోప్ రాత్రులు అడుగుతూ రాసే ప్రపోజల్లో నోరు తెరిచి ఆ మూడు రాత్రులే అడిగా, వాళ్లు ఇచ్చారు. అక్కడ మీ పంతులుగారు కూడా అదే పంచాంగం తిరగేసి దశమి అన్నారు. ఆయన్నేం అనను, మంచి రోజు ఎవరు చూసినా మంచి రోజే కదా.

"మధ్యలో దశమి ఒక్కటీ ఎవరికన్నా ఇచ్చెయ్, నవమి, ఏకాదశి నువ్వు చూసుకో" అంటావు, నాకు తెలుసు. కుదరదురా. ఈ కుర్ర నక్షత్రాలు వారం రోజుల్లో ఒకసారి తమ చుట్టూ తాము తిరుగుతాయి, కొన్ని ఇంకా తొందరగా. వాయువు పడే మచ్చ ఒకరోజు మనవైపు ఉంటుంది, మర్నాడు పక్కకి పోతుంది. నాకు కావలసింది ఆ మార్పే. మూడు వరస రాత్రులు చూస్తేనే అది కనిపిస్తుంది, మధ్యలో ఒకటి పోతే సీరియల్లో పెళ్లి ఎపిసోడ్ మిస్సయినట్టు. పోనీ మూడూ కలిపి జరపమందామా అంటే ద్వాదశి, త్రయోదశి, చతుర్దశి వస్తాయి, చివరి రాత్రికి చంద్రుడు గుమ్మంలోకి వచ్చేస్తాడు. ఆ రాత్రులు ఇప్పటికే వేరేవాళ్లవి కూడాను.

ఇంకో నెల చూడరాదా అంటావేమో. అదీ చెప్తా, ఈ దెబ్బ నేను ఒకసారి తిన్నాను కాబట్టి బాగా తెలుసు. దేవస్థల్‌లో ఏడాదికి రెండు విడతలు, అక్టోబరు నుంచి జనవరి ఒకటి, ఫిబ్రవరి నుంచి మే రెండోది. జూన్ నుంచి సెప్టెంబరు దాకా వానలు, మూత. మొదటిసారి ప్రపోజల్ రాసినప్పుడు నేను నక్షత్రాల జాబితా ముందు రాసుకున్నా, ముప్పై నక్షత్రాలు, వాటి గొప్పతనం గురించి రెండు పేజీలు, ఆ తరవాత తీరిగ్గా టాన్‌స్పెక్ ఎప్పుడుందో అడిగా. ఏప్రిల్ అన్నారు. సరే ఏప్రిల్ అని రాసి పంపేశా. ఆకాశం రోజుకి 4 నిమిషాల చొప్పున, నెలకి రెండు గంటల చొప్పున ముందుకి జరిగిపోతుందని పిల్లలకి పాఠం చెప్తాను నేను! నవంబరు చివర్లో అర్ధరాత్రి నడినెత్తిన ఉండే రోహిణి ఏప్రిల్ వచ్చేసరికి చీకటి పడేటప్పటికే పడమటికి వాలిపోయి ఉంటుంది, అరగంట కూడా పని జరగదు. రాత్రులు పంచే కమిటీ నుంచి ఒక్క వాక్యం వచ్చింది, అడిగిన నెలలో లక్ష్యాలు కనపడవు అని. సైన్సు గురించి ఒక్క మాట కూడా లేదు, చదవడం అక్కడే ఆపేసుంటారు. మా గైడుగారు ఆ కాగితం చూసి ఏమీ అనలేదు, గ్లాసుడు నీళ్లు తాగి వెళ్లిపోయారు. తిట్టినా బాగుండేది.

అప్పటి నుంచి నేను తిరగేసి మొదలుపెడుతున్నా. ముందు పెట్టె ఎప్పుడు బిగించి ఉంటుందో కనుక్కుంటా, ఆ రాత్రుల్లో చంద్రుడెక్కడో చూస్తా, చివరికి ఆకాశంలో ఏం మిగిలిందో చూసి అందులోంచి ప్రశ్న వెతుక్కుంటా. పెద్దవాళ్లు కొందరికి ఇది నచ్చదు, సైన్సు ముందు, సామాను తరవాత అంటారు. వినడానికి బావుంటుంది. వాళ్లకి రాత్రులు దొరుకుతాయి, అనగలరు.

పెట్టె "ఉంది" అన్నా ఉన్నట్టు కాదు, అది ఇంకో కథ. ఇన్‌ఫ్రారెడ్ డిటెక్టర్ వెచ్చగా ఉంటే తన వేడిని తనే చూసుకుంటుంది, అందుకని గాలి తీసేసిన డబ్బాలో పెట్టి గడ్డకట్టించే చలిలో ఉంచాలి. ఒకచోట, ఎక్కడో రాయనులే, నా రెండు రాత్రులకి ముందు రోజు మధ్యాహ్నం ఆ డబ్బాలోకి సన్నగా గాలి లీకయింది. చల్లదనం పోయింది. మళ్లీ చల్లబరచాలంటే ముందు మెల్లగా వెచ్చబడనివ్వాలి, లీకు పట్టుకోవాలి, పంపు పెట్టి గాలంతా లాగాలి, మళ్లీ మెల్లగా చల్లార్చాలి, తొందరపడితే లోపలి గాజు పగులుతుంది. రోజులు పడుతుంది. బయట ఆకాశం మాత్రం, సూరీ, ఒక్క మబ్బు తునక లేదు. కంట్రోల్ రూంలో హీటర్ దగ్గర కూర్చుని రెండు రాత్రులూ మ్యాగీ తిన్నాం. ఆ ఏడు ఇంక రాత్రులు రాలేదు.

ఈసారికి మాత్రం లెక్క గట్టిగా వేశా. కార్తీకంలో పూర్తి చీకటి ఉండేది ఇంచుమించు 11 గంటలు. ఒక్కో నక్షత్రానికి టెలిస్కోప్ తిప్పి, అర ఆర్క్ సెకను వెడల్పున్న చీలికలో దాన్ని కూర్చోబెట్టడానికే పది నిమిషాలు. (ఆర్క్ సెకను అంటే కోణం కొలతరా, టైం కాదు.) అయిదేసి నిమిషాలు నాలుగు ఎక్స్‌పోజర్లు, ఒకసారి చీలికలో పైన, ఒకసారి కింద, ఒకదాంట్లోంచి ఒకటి తీసేస్తే ఆకాశం మెరుపు పోతుంది. తరవాత దీపం వెలిగించి రంగుల కొలత తీసుకోవాలి. మన గాలిలోని నీటి ఆవిరి 1.4, 1.9 మైక్రాన్ల దగ్గర వెలుగు మొత్తం మింగేస్తుంది, మిగతా చోట్ల కొంచెం కొంచెం కొరుకుతుంది, ఎంత కొరికిందో తెలియడానికి అదే ఎత్తులో ఉన్న మామూలు తెల్ల నక్షత్రాన్ని కూడా తీయాలి. కాగితం మీద రాత్రికి పద్నాలుగు వచ్చాయి. నేను పది రాశా. ఎనిమిది వస్తే పండగ. మబ్బు పలచగా పడితే చూడ్డానికి బాగా వెలిగేవి నాలుగు విడిగా పెట్టుకున్నా. ఎక్కడన్నా సూపర్నోవా పేలి, దానికి టాన్‌స్పెక్కే కావాలని ఎవరన్నా అత్యవసరంగా అడిగితే నా రాత్రిలోంచి ఒక గంట పోవచ్చు, దానికి ఏడవకూడదు, రేపు నేనూ అడగొచ్చు.

ఆ కొండ మీదే పక్కన ఇంకో టెలిస్కోప్ ఉంది, 4 మీటర్ల పాదరసం అద్దం, 2023లో ప్రారంభించారు. పాదరసాన్ని గుండ్రంగా తిప్పుతూ ఉంటే అదే అద్దంలా గుంట పడుతుంది. దాన్ని వంచితే ఒలికిపోతుంది కాబట్టి ఎప్పుడూ నడినెత్తికే చూస్తుంది, పైన ఏదొస్తే అదే. ఒక్కోసారి దాన్ని చూస్తే అసూయ. వందేళ్ల కిందట మన హైదరాబాద్ నిజామియా అబ్జర్వేటరీలో ఆకాశపటం కోసం ఏళ్ల తరబడి ప్లేట్లు తీసినవాళ్లకీ అంతే, ఒకే కెమెరా, ఒకే పని, తమకిచ్చిన ఆకాశపు పట్టీ. పెట్టె గొడవ లేదు వాళ్లకి. చలీ దోమలూ ఉండే ఉంటాయి.

సరే, నీ సంగతికొస్తా. ఏకాదశి రాత్రి పని అయ్యేసరికి ద్వాదశి తెల్లవారుతుంది. రెండు గంటలు పడుకుని కొండ దిగితే సాయంత్రానికి కాఠ్‌గోదాం, రాత్రి రైలు, త్రయోదశి పొద్దున ఢిల్లీ, రాత్రికి ఏపీ ఎక్స్‌ప్రెస్. చతుర్దశి అంతా రైల్లో నిద్ర. పౌర్ణమి తెల్లవారేసరికి రాజమండ్రిలో ఉంటా. ఆ రోజు చంద్రుడు నా నక్షత్రాల నెత్తినెక్కి కూర్చుంటాడు, నాకు ఎవరూ ఏ పనీ చెప్పలేరు. సత్యనారాయణ వ్రతం దశమి నాడే చేసెయ్యకుండా పౌర్ణమికి పెట్టించు, పంతులుగారు కాదనరు, కార్తీక పౌర్ణమి కంటే మంచి రోజు ఆయనకి మాత్రం ఎక్కడ దొరుకుతుంది. పాలు పొంగించేటప్పుడు వీడియో కాల్ చెయ్, తెల్లవారుజామున ముహూర్తమైతే నేను మెలకువగానే ఉంటా, కంట్రోల్ రూంలోంచే చూస్తా. బూరెలు ఒక డబ్బాలో నా పేరు రాసి పక్కన పెట్టమని వదినకి చెప్పు, నువ్వు చూస్తే మిగలవు.

నీ
చిన్నా