ముందు స్టూలు, తరవాత సింబల్స్

విజయనగరం

ఒరే బావా,

నీ ఫోటో చూశాను. సొంతంగా డ్రమ్ముల జాజ్ సెట్టు కొన్నావని సంతోషపడాలో, ఒక్క దెబ్బకి ఝల్లుమనే ఆ క్రాష్ సింబల్‌ని అటక ఎత్తున పెట్టావని తిట్టాలో తెలీలేదు. రెండూ చేద్దామనే ఈ ఉత్తరం. ఫోన్లో చెప్తే "సరే సరే" అనీసి పెట్టీస్తావు. కాయితం మీదయితే సెట్టు పక్కన పెట్టుకుని చూసుకుంటావు.

రిసెప్షన్ ప్రోగ్రాం అయ్యాక కుడి భుజం లాగీస్తోందనీ, అన్నం కలుపుకోడానికి కూడా చెయ్యి రావట్లేదనీ రాశావు కదా. నీ వీడియో మళ్లీ ఒకసారి చూసుకో. క్రాష్ కొట్టిన ప్రతిసారీ నీ మోచెయ్యి చెవి దాకా లేస్తోంది. తాళం నడిపే రైడ్ సింబల్ కొట్టేటప్పుడు నడుం కూడా దాంతో పాటు కుడిపక్కకి వెళ్తోంది. నొప్పి రాకేటవుతుంది? దానికి మాత్ర మింగడం కాదు, స్టాండులు కదపాలి.

ముందు సింబల్స్ అన్నీ తీసి మంచం మీద పెట్టీయ్. టామ్ డ్రమ్ములు కూడా తీసీయ్. స్టూలు, స్నేర్ డ్రమ్ము, రెండు పెడల్స్ మాత్రం ఉంచు. స్టూలు ఎత్తు చూసుకో: తుంటి మోకాలి కంటే కాస్త ఎత్తులో ఉండాలి, తొడలు ముందుకి కొంచెం వాలాలి. నువ్వు కూచునే ప్లాస్టిక్ కుర్చీ ఎత్తూ దిగదు, వెనక్కీ జారుస్తుంది. దాన్ని వచ్చిన చుట్టాలకి వెయ్యి. కాళ్లు పెడల్స్ మీద ఎలగ సహజంగా పడతాయో అలగ పెట్టి, ఆ రెండు కాళ్ల మధ్యకి స్నేర్ లాక్కో.

ఇప్పుడు చేతులు వదిలీయ్. మోచేతులు పక్కటెముకల దగ్గర ఊరికే వేలాడాలి. వాటినక్కడే ఉంచి ముంజేతులు మాత్రం ఎత్తి, స్టిక్స్ పట్టుకుని కళ్లు మూసుకో. ఎడమకి ఒక క్రాష్, కుడికి ఒక రైడ్ ఉన్నట్టు గాల్లో కొట్టు. స్టిక్ ఎక్కడాగిందో అక్కడికి సింబల్ రావాలి. దాని దగ్గరికి నువ్వు వెళ్లకూడదు. నేను చెప్పబోయేదంతా ఇంతే, మిగతాదంతా దీని వివరమే.

నీకు నమ్మకం లేకపోతే మన తప్పెటగుళ్ల వాళ్లని చూడు. తప్పెట మెడలో వేసుకుని సరిగ్గా గుండె మీదకి కట్టుకుంటారు. గెంతుతారు, తిరుగుతారు, ఒకళ్ల మీదొకళ్లు ఎక్కి నిలబడతారు, చేతులు మాత్రం అక్కడే ఉంటాయి, వాయిద్యం వాళ్లతోనే తిరుగుతుంది. మనం అయిదారు స్టాండులు పెట్టుకుని ఒక్కోదాని వెనకా పరిగెడతాం.

హై-హ్యాట్, అదే కాలితో మూసి తెరిచే జంట సింబల్స్, దాని కథ కూడా ఇలాంటిదే. 1920ల్లో అది మోకాలికి కూడా అందని ఎత్తులో ఉండేది, కాలితో తొక్కితే చప్పట్లు కొట్టినట్టు మోగేది, అంతే. స్టిక్‌తో కొట్టాలంటే వంగాలి. ఎవరికో విసుగొచ్చి గొట్టం పొడుగు చేశారు, సింబల్స్ చేతికి అందాయి. అదే మన హై-హ్యాట్. నీది స్నేర్ అంచుకి ఆరు నుంచి ఎనిమిది అంగుళాలు పైనుండేలా పెట్టు. కుడి చెయ్యి ఎడమ చేతి మీంచి వెళ్తుంది కదా, మరీ కిందుంటే స్నేర్ గట్టిగా కొడదామన్నప్పుడు ఎడమ స్టిక్ పైకి లేవడానికి చోటుండదు. మరీ పైనుంటే మళ్లీ భుజం కథే. కింది సింబల్‌కి అడుగున చిన్న స్క్రూ ఉంటుంది, దాన్ని తిప్పి సింబల్‌ని ఒక పక్కకి వెంట్రుకవాసి వాల్చు. రెండూ మూసుకున్నప్పుడు మధ్యలో గాలి చిక్కుకోకుండా "చిక్" అని శుభ్రంగా పలుకుతుంది.

రైడ్ సంగతికొస్తే నాకు నిజంగా కోపమొచ్చింది. ఎక్కువ సేపు వాయించేది దాన్ని, పెట్టింది మాత్రం ఫ్లోర్ టామ్ అవతల, పెరట్లో! ఆ 20 అంగుళాల సింబల్ నీకు ముందుకి, కుడి మోకాలికి ఎదురుగా రావాలి. మోచెయ్యి ఒంటికి దూరం జరక్కుండా స్టిక్ మొన రైడ్ అంచుకీ మధ్య బుడిపెకీ నడుమ పడాలి. స్టిక్‌ని కొంచెం ముందుకి వంచితే దాని భుజంతోనే, అంటే మొనకి కాస్త వెనక సన్నబడే చోటుతోనే, బుడిపె కూడా అందాలి. అక్కడ చోటు లేదంటావు, రెండో టామ్ అడ్డమంటావు. అయితే రెండో టామ్ తీసీయ్ బావా. నాలుగు డ్రమ్ముల సెట్టుతో వాయించినవాళ్లు ప్రపంచమంతా ఉన్నారు. పెళ్లి పాటల్లో ఆ టామ్ మీద ఎన్ని రోల్స్ కొడతావో నువ్వే లెక్కేసుకో. కొట్టే కొద్దీ గాయకుడు నీ వైపు ఎలగ చూస్తాడో కూడా చూసుకో.

డ్రమ్మర్ శివమణి చుట్టూ అన్నుంటాయి కదా అంటావు, నాకు తెలుసు. ఆయన లేచి నిలబడతారు, తిరిగి వాయిస్తారు. నువ్వు కూచున్న చోటునుంచి లేవవు.

క్రాష్ రెండున్నాయి కదా, 16, 18 అంగుళాలవి. చిన్నది ఎడమకి, హై-హ్యాటుకీ టామ్‌కీ మధ్య పైన. పెద్దది కుడికి. అంచు నీ గడ్డం కంటే కిందే ఉండాలి. నీ వైపు కొంచెం వంచు, మరీ కాదు. బల్లపరుపుగా పైకి పెడితే స్టిక్ నేరుగా అంచుని పొడుస్తుంది, అలగ రోజూ పొడిస్తే సింబల్ అంచు దగ్గర చీలుతుంది. మరీ నీ మీదకి వాల్చీస్తే పైభాగాన్ని బాదుతావు, మోతా చస్తుంది. స్టిక్ మొన కాదు, దాని భుజం అంచుని ఏటవాలుగా రాసుకుంటూ పోవాలి. కొట్టాక సింబల్ ఊగాలి.

నీ ఫోటోలో వింగ్ నట్లు చూశాను. పానాతో బిగించావా ఏటి? మంచి సింబల్ అంటే కంచే కదా: నూటికి ఎనభై పాళ్లు రాగి, ఇరవై పాళ్లు తగరం. మీ శ్రీకాకుళం జిల్లా బుడితి కంచు పళ్లెం కింద పడితే సొట్ట పడదు, పగిలిపోతుంది, ఇదీ అంతే. కదలనివ్వకుండా పట్టుకుని కొడితే దెబ్బంతా అదే మింగాలి. నట్టు వదులు చెయ్యి. పైనొక ఫెల్టు, కిందొక ఫెల్టు, మధ్యలో కడ్డీకి ప్లాస్టిక్ గొట్టం ఉండాలి. గొట్టం లేకపోతే కడ్డీ మర సింబల్ రంధ్రాన్ని ఒకపక్క కోసీస్తుంది, గుండ్రటి కన్నం తాళం కన్నంలా తయారవుతుంది. గొట్టానికయ్యే ఖర్చు పెద్దదేం కాదు, సింబల్ ఖరీదు నీకే తెలుసు.

బూమ్ స్టాండుకి చెయ్యి ఎటు చాస్తే ఆ వైపే ఒక కాలు ఉండాలి. లేకపోతే నాలుగో పాటకి కీబోర్డు అబ్బాయి ఒళ్లో పడుతుంది. స్టేజీలంటే బల్లలు జోడించినవే కదా, డాన్సు వాళ్లు ఎక్కగానే అన్నీ నడుస్తాయి. అడుగున తివాచీ వేసుకో, స్టాండు కాళ్ల దగ్గర టేపు ముక్కలు అంటించు, తివాచీతో పాటే నీ కొలతలూ వస్తాయి. గొట్టాల మీద మెమరీ లాకులు బిగించుకుంటే ఎత్తు కూడా మారదు. వీడియో తీసేవాడు "అన్నా, సింబల్స్ పైకి పెట్టు, మొహం అడ్డమొస్తున్నాయి" అంటాడు. కెమెరానే పక్కకి జరుపుకోమను.

మా మేనల్లుడు కూడా ఇప్పుడు నా సెట్టు మీదే నేర్చుకుంటున్నాడు. గుంటడిది ఎడమచేతి వాటం. వాడి కోసం సెట్టంతా తిప్పాలా అని మా అక్క ఒకటే గొడవ. బీటిల్స్ డ్రమ్మర్ రింగో స్టార్‌దీ ఎడమచేతి వాటమే, కుడిచేతి సెట్టు మీదే వాయించాడని చెప్పాను, ఎవరతను అంది. నేను రైడ్‌ని మాత్రం హై-హ్యాట్ పక్కకి తెచ్చాను. చేతులు అడ్డం పడకుండా ఎడమ చేత్తోనే రెండూ వాయిస్తున్నాడు. జాజ్ డ్రమ్మర్ బిల్లీ కోబమ్ వాయించేదీ అలగే. వాడు వెళ్లాక నావన్నీ టేపు గుర్తుల మీదకి జరుపుకుంటాను, అయిదు నిమిషాల పని.

సిరిమాను పండగకి ఎలాగూ వస్తావు కదా, అంతదాకా ఆగకు. వచ్చే ఆదివారం ఆమదాలవలసలో పొద్దున్న బండెక్కీయ్. రైడ్ ఒక్కటీ సంచిలో వేసుకురా, ఆ మోత నాకు అనుమానంగా ఉంది, వినాలి. ఈలోగా నేను చెప్పినట్టు అమర్చి, పక్కనుంచి ఒక ఫోటో, పైనుంచి ఒక ఫోటో తీసి పంపు. పక్కనుంచి తీసినదాంట్లో నీ మోచెయ్యి కనపడాలి.

చెల్లెమ్మని అడిగానని చెప్పు. సెట్టు హాల్లోంచి తీయించమని తను నాకు విడిగా ఫోన్ చేసింది, అది మాత్రం నా చేతిలో లేదని చెప్పాను.

ఇట్లు,
నీ బావ