వరంగల్ కలెక్టర్ గారికి: అంగన్‌వాడీ కిటికీలకు వట్టివేళ్ల తడకలు
గౌరవనీయ కలెక్టర్ గారికి,

అంగన్‌వాడీలకు కూలర్లు కొనే ముందు వట్టివేళ్ల తడకలు కట్టించి చూడండి. తడిపిన తడక గుండా గాలి వీస్తే నీరు ఆవిరై గది చల్లబడుతుంది; లీటరు నీరు ఆవిరైతే సుమారు 0.67 యూనిట్ల కరెంటుకు సమానమైన వేడిని లాగేస్తుంది. గాలి కొట్టే కిటికీకి తడక, పైన దాన్ని తడిపే సన్న రంధ్రాల పైపు, కింద కారిన నీటికి ప్లాస్టిక్ తొట్టి చాలు. ఎదురు కిటికీ మాత్రం తెరిచే ఉండాలి, మూస్తే ఉక్కపోతే.

వట్టివేళ్లకు బదులు గోనెపట్టా చవకే గానీ తొందరగా కుళ్లుతుంది. బోరు నీళ్ల ఉప్పు తడకకు తెల్లగా పేరుకుని గాలిని ఆపుతుంది. కాబట్టి వారానికోసారి కడిగి, తొట్టి పూర్తిగా ఒంపేయాలి, లేదంటే దోమలు. వేళ్లు ఏటా మార్చే ఖర్చూ అంచనాలో రాయించండి, అక్కడే అందరూ మరిచిపోతారు. ముసురు పట్టాక ఇవి పనిచేయవు; విప్పి ఆరబెట్టించండి. తడకలకు బదులు మట్టి జాలీలు (రంధ్రాల పలకలు) తడిపి వాడేట్టయితే మెరుగు పూసినవి వద్దు, నీరు పీల్చవు.

ఇట్లు,
వరంగల్ భవన నిర్మాణ ఇంజనీర్లు కొందరు