భవనం తర్వాత కట్టండి, ముందు బడి తెరవండి

సంపాదకుల వారికి నమస్కారం.

మాది పశ్చిమ గోదావరి జిల్లాలో ఒక పట్టణం శివారున, పట్టణ పేదలకు ఇళ్లు కట్టే ప్రభుత్వ సంస్థ టిడ్కో కట్టిన ఇళ్ల కాలనీ. ఏళ్ల తరబడి ఊళ్లో అద్దెకున్నాక, మూడేళ్ల కిందట మాకు 300 చదరపు అడుగుల ఇల్లు వచ్చింది. తాళం చేతికిచ్చిన రోజు మా అత్తగారు గడపకు పసుపు రాస్తూ ఏడ్చేశారు. ఇంటి గురించి నాకే ఫిర్యాదూ లేదు. నా బాధంతా బడి గురించి. మా తర్వాత బ్లాకు బ్లాకూ నిండింది. నీళ్ల ట్యాంకు వచ్చింది, వీధి లైట్లు వచ్చాయి, మెయిన్ గేటు ఎదురుగా టిఫిన్ బళ్లు, మందుల షాపు కూడా వచ్చాయి. ప్రైమరీ స్కూలు మాత్రం రాలేదు.

పొద్దున ఏడున్నరకు మా బ్లాకు ముందు ఆటో ఆగుతుంది. అందులో పన్నెండు మంది పిల్లలు. బ్యాగులు లోపల పట్టవు కాబట్టి డ్రైవర్ వాటిని బయట కొక్కేలకు వరసగా తగిలిస్తాడు. రెండో తరగతి చదివే నా కూతురు డ్రైవర్ పక్కన, సీటు అంచున కూర్చుని ఒక చేత్తో కమ్మీ పట్టుకుంటుంది. అక్కడి నుంచి బైపాస్ దాటాలి. కంకర లారీలు, రొయ్యల కంటైనర్లు ఆగకుండా పోతుంటాయి. ఆటో అవతలి రోడ్డెక్కేదాకా నేను గేటు దగ్గరే నిలబడతాను. ఆ తర్వాతే బట్టల షాపులో నా పనికి పోతాను. వాన గట్టిగా పడితే ఆటో రాదు. ఆ రోజు పిల్లకు చదువూ లేదు, మధ్యాహ్న భోజనమూ లేదు.

ఆటోకు నెలకు 800. పిల్లల్ని చదివించే తల్లులకు ప్రభుత్వం డబ్బు వేసే తల్లికి వందనం పథకం కింద నా ఖాతాలో పడ్డ 13,000లో సగానికి పైగా దానికే పోయింది. పుస్తకాలు, బ్యాగు, బూట్లు ప్రభుత్వమే ఇస్తోంది, ఆ మేలు మరిచిపోను. కానీ బడికి చేరే దారే లేకపోతే ఇవన్నీ ఇచ్చి ఏం లాభం? మా పక్క బ్లాకులో ఒకామె ఇళ్లలో పని మానేసి పిల్లల్ని దింపడానికీ తేవడానికీ తిరుగుతోంది. ఇంకొకరు కొడుకును అమ్మమ్మ ఊళ్లో వదిలేశారు. బైపాస్ ఇవతలే ఉన్న ప్రైవేటు స్కూల్లో అప్పు చేసి చేర్పించిన వాళ్లూ ఉన్నారు.

బడికి స్థలం లేదా అంటే ఉంది. కాలనీ చివర బోర్డు పాతారు, పిల్లర్లు లేపారు, అక్కడితో పని ఆగిపోయింది. పిల్లర్ల మీద మొండి ఊచలు తుప్పు పట్టాయి, గుంతల్లో తుమ్మ మొక్కలు నా ఎత్తు పెరిగాయి. సాయంత్రాలు పిల్లలు అక్కడ దాగుడుమూతలు ఆడతారు. ఎక్కడున్నావే అని ఫోన్ చేస్తే, 'మన స్కూలు దగ్గర' అంటుంది నా కూతురు. ఆ మాట విన్న ప్రతిసారీ నాకు కడుపు తరుక్కుపోతుంది.

ఎందుకు ఆలస్యమని అడిగితే ఒక్క చోటా సమాధానం దొరకదు. ఇళ్లు కట్టింది టిడ్కో. స్థలం మున్సిపాలిటీది. టీచర్లు విద్యాశాఖ వాళ్లు. మున్సిపల్ బడుల పర్యవేక్షణను 2022లో జీవో 84తో విద్యాశాఖకు అప్పగించాక, మా లాంటి వాళ్లు ఏ గుమ్మం తొక్కాలో మరింత అయోమయంగా మారింది. ఒక ఆఫీసులో ఇంకో ఆఫీసు పేరు చెబుతారు. సోమవారం గ్రీవెన్స్‌లో అర్జీ పెడితే రసీదు ఇచ్చారు. నెల తిరక్కుండానే మీ అర్జీ పరిష్కారమైందని ఫోన్‌కు మెసేజ్ వచ్చింది. బైపాస్ అవతల బడి ఉంది కదా, దూరం కిలోమీటరు లోపే అన్నది వాళ్ల పరిష్కారం. బడి లేని ఆవాసాల పిల్లలకు సమగ్ర శిక్ష అనే కేంద్ర విద్యా పథకం కింద ఏడాదికి 6,000 రూపాయల దాకా రవాణా భత్యం ఇవ్వొచ్చు. అదీ ఇదే కారణంతో మాకు రాలేదు.

కిలోమీటరు లెక్క నేనూ తెలుసుకున్నాను. విద్యాహక్కు చట్టం 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. ఐదో తరగతి దాకా పిల్లలకు ఇంటి నుంచి కిలోమీటరు లోపు బడి ఉండాలి. అయితే అదే ఏడాది కేంద్రం ఇచ్చిన నమూనా నిబంధనల్లో ఇంకో మాట కూడా ఉంది. బడికి వెళ్లే దారిలో చిన్నపిల్లలకు ప్రమాదం ఉంటే, ఆ దూరాన్ని తగ్గించి, ప్రమాదం లేని చోట బడి పెట్టాలి. బైపాస్ మీద ఆరేళ్ల పిల్లను ఒక్కసారి నడిపించి చూస్తే మ్యాప్ మీద కొలిచే పనే ఉండదు.

అన్నిటికన్నా నన్ను భయపెట్టింది మాత్రం వేరే లెక్క. మా పిల్లల పేర్లన్నీ ఊళ్లోని పాత బడుల హాజరు పట్టీల్లోనే ఉన్నాయి. అంటే మా కాలనీలో బడికి రావాల్సిన పిల్లలు కాగితం మీద కనపడరు. పిల్లలు లేరు కాబట్టి పోస్టులు లేవు, పోస్టులు లేవు కాబట్టి బడి లేదు. ఈ ముడి మాకు పాత బడి టీచరమ్మే విడమరిచి చెప్పింది. మా పిల్లలు వెళ్లిపోతే అక్కడ సంఖ్య పడిపోయి ఒక పోస్టు కదిలిపోతుందని ఆమెకూ టెన్షనే. ఆమె తప్పేం లేదు. అందుకే మేం కొందరు ఆడవాళ్లం ఆదివారాలు ఇల్లిల్లూ తిరిగి, ఒకటి నుంచి ఐదు దాకా చదివే పిల్లల పేర్లు, ఆధార్ నంబర్లతో సహా రాసుకున్నాం. వందకు పైనే తేలారు. చట్టం ప్రకారమే 60 మంది వరకు ఇద్దరు టీచర్లు, 90 వరకు ముగ్గురు, 120 వరకు నలుగురు ఉండాలి.

మేం అడిగేది పెద్ద కోరికేం కాదు. భవనానికి ఎప్పుడు నిధులొస్తే అప్పుడే కట్టండి. కాలనీలో కమ్యూనిటీ హాలు ఉంది, దానికి బాత్రూములున్నాయి, నీళ్లొస్తాయి, నెలలో ఒకటి రెండు ఫంక్షన్లకు తప్ప తాళం తీయరు. అందులో బడి పెట్టి, ప్రతి గుర్తింపు బడికీ ఉండే యూడైస్ కోడ్ నంబరు ఇవ్వండి. కొత్త పోస్టులు మంజూరయ్యేదాకా పిల్లలు తక్కువున్న బడుల నుంచి ఇద్దరు టీచర్లను సర్దుబాటు చేయండి. ఏటా చేసే పనే అది. టీచర్ల నియామకాల మెగా డీఎస్సీలో 16,347 పోస్టులకు నోటిఫికేషన్ ఇచ్చిన రాష్ట్రానికి ఇద్దరు టీచర్లు బరువు కారు. వంటకు మా కాలనీలోనే డ్వాక్రా గ్రూపులున్నాయి, ముందుకొస్తామని చెప్పారు కూడా. టిడ్కో, మున్సిపాలిటీ, విద్యాశాఖ అధికారులు కలిసి ఒక్కరోజు మా కాలనీకి రావాలి. పిల్లల జాబితా జిరాక్సులు తీయించి పెట్టాం, వాళ్ల చేతికే ఇస్తాం.

నా చిన్నోణ్ణి వచ్చే జూన్ 12న ఒకటో తరగతిలో చేర్చాలి. ఆటోలో పదమూడో పిల్లాడికి చోటు లేదని డ్రైవర్ ముందే చెప్పేశాడు.

— ఒక తల్లి,
టిడ్కో ఇళ్ల కాలనీ, పశ్చిమ గోదావరి జిల్లా