సంతకానికి ముందు ఆడపడుచు వాటా లెక్క చెప్పాలి

సంపాదకుడికి,

గుంటూరు, కృష్ణా డెల్టా ఊళ్లలో ఇంటిపెద్ద పోతే పెదకర్మ నాటికి కూతుళ్లందరూ పుట్టింటికి చేరతారు. వాళ్లు అత్తవారిళ్లకు తిరిగి వెళ్లేలోగా ఒక పని ముగించుకోవాలని మగపిల్లలు తొందరపడతారు. సబ్ రిజిస్ట్రారు ఆఫీసుకు తీసుకెళ్లి హక్కు విడుదల దస్తావేజు మీద సంతకం, వేలిముద్ర వేయించడం ఆ పని. దస్తావేజులో పొలం షెడ్యూలు, సర్వే నంబర్లు, హద్దులు పక్కాగా ఉంటాయి. పెళ్లినాడే తగిన విధంగా ఇచ్చి తృప్తిపరిచారు కాబట్టి తనకిక ఏ హక్కూ లేదన్న వాక్యమూ ఉంటుంది. ఆమె వాటా ఎన్ని సెంట్లు, దాని విలువ ఎంత అన్న లెక్క మాత్రం చాలా దస్తావేజుల్లో కనపడదు. ఆ లెక్క చెప్పకుండా సంతకం తీసుకోవడం మీదే మా అభ్యంతరం. (హిందూ వారసత్వ చట్టం వర్తించే కుటుంబాల గురించే ఇక్కడ రాస్తున్నాం.)

ఆడపిల్ల ఆస్తి హక్కు విషయంలో మన రాష్ట్రం దేశంకన్నా ముందు నడిచింది. ఎన్టీ రామారావు ప్రభుత్వం తెచ్చిన సవరణ 1985 సెప్టెంబరు 5 నుంచి, అప్పటికి పెళ్లికాని కూతుళ్లను ఉమ్మడి ఆస్తిలో కొడుకులతో సమాన హక్కుదారులను చేసింది. 2005 సెప్టెంబరు 9న అమల్లోకి వచ్చిన కేంద్ర సవరణలో ఆ పెళ్లి షరతు లేదు. తండ్రి ఆ తేదీకి బతికి ఉండాలా అన్న పేచీని 2020 ఆగస్టు 11న వినీతా శర్మ కేసులో సుప్రీంకోర్టు తేల్చేసింది. బతికి ఉండక్కర్లేదు, కూతురి హక్కు పుట్టుకతోనే వస్తుందని చెప్పింది. 2004 డిసెంబరు 20కి ముందే రిజిస్టర్డ్ దస్తావేజుతోనో కోర్టు డిక్రీతోనో పంపకాలు అయిపోయి ఉంటే మాత్రం వాటిని తిరగదోడలేం. ఇంత జరిగినా "పెద్దమ్మాయికి 85కు ముందే పెళ్లయింది, ఆమెకేం రాదు" అని ఊళ్లో పెద్దమనుషులు ఇప్పటికీ తీర్పు చెబుతూనే ఉన్నారు. "నోటిమాటగా ఎప్పుడో పంచుకున్నాం" అన్న వాదన కూడా ఉత్తినే నిలవదు. దానికి పబ్లిక్ రికార్డుల ఆధారం ఉండాలి.

మూడెకరాలున్న ఒక కుటుంబాన్ని తీసుకుందాం. తల్లి, ఇద్దరు కొడుకులు, ఒక కూతురు. పొలం తండ్రి స్వార్జితమై, వీలునామా లేకపోతే నలుగురికీ సమానం, తలా 75 సెంట్లు. నాయనమ్మ బతికి ఉంటే ఆమెకూ ఒక వాటా ఉంటుంది కాబట్టి తలా 60 సెంట్లు. అదే పిత్రార్జితమైతే లెక్క మారుతుంది. ముందు తండ్రికీ ముగ్గురు పిల్లలకూ నాలుగు భాగాలు వేయాలి, ఒక్కొక్కటి 75 సెంట్లు. ఆ తర్వాత తండ్రి భాగం తల్లికీ పిల్లలకూ మళ్లీ సమానంగా పంచాలి, తలా 18.75. వెరసి కూతురికి 93.75 సెంట్లు, ఏ కొడుకుకు వచ్చేదైనా అంతే. తల్లికి 18.75. అంటే ఒక్క సంతకంతో ఆ కూతురు వదులుకునేది దాదాపు ఎకరం పొలం. గుంటూరు, విజయవాడ చుట్టుపక్కల దాని ధర ఎంతో మీ పాఠకులకు చెప్పనక్కర్లేదు.

తల్లి వాటా సంగతి అసలు ఎవరూ ఎత్తరు. ఆమెకు వచ్చిన భూమి హిందూ వారసత్వ చట్టం సెక్షన్ 14 ప్రకారం పూర్తిగా ఆమె సొంతం, ఎవరి అనుమతీ అక్కర్లేకుండా అమ్ముకోవచ్చు. అందరికన్నా ముందు సంతకం పెట్టేది ఆమే. ఆ తర్వాత కొడుకుల ఇళ్లలో వంతులవారీగా రోజులు వెళ్లదీసేదీ ఆమే.

కొన్ని ఇళ్లలో సంతకం అవసరం కూడా రాదు. మరణ ధ్రువపత్రం తర్వాత కావాల్సింది కుటుంబ సభ్యుల ధ్రువపత్రం. సచివాలయంలో దరఖాస్తు పడగానే విచారణలో ముందు చేతికి దొరికేది రైస్ కార్డు. పెళ్లయిన కూతురు అందులో ఉండదు, అప్పటికే అత్తింటి కార్డులోకి మారిపోయి ఉంటుంది. ఆ కార్డు ఒక ఇంట్లో కలిసి ఉండేవాళ్ల జాబితాయే తప్ప వారసుల జాబితా కాదు. దాన్ని చూసి తల్లి, ఇద్దరు కొడుకులు అని రాసేస్తే మ్యుటేషన్ (రెవెన్యూ రికార్డుల్లో పేరు మార్పు), 1-బీ (ఎవరి పేరున ఎంత భూమి ఉందో చూపే రెవెన్యూ రికార్డు), పట్టాదారు పాసు పుస్తకం వరసగా వాళ్ల పేర్ల మీదికి వచ్చేస్తాయి. మ్యుటేషన్ వల్ల యాజమాన్యం రాదు, పోదు అని కోర్టులు ఎన్నోసార్లు చెప్పాయి. కానీ బ్యాంకు అప్పిచ్చేదీ, కొనేవాడు చూసేదీ, ప్రభుత్వం లెక్క కట్టేదీ ఆ రికార్డునే. అమరావతి భూసమీకరణలో పొలం ఇచ్చినవాళ్లకు ఎకరం మెట్టకు 1000 గజాల నివాస స్థలం, 250 గజాల వాణిజ్య స్థలం, జరీబుకైతే (నదీతీరపు సారవంతమైన భూమి) 1000, 450 గజాలు అన్నారు. రికార్డులో పేరు లేని కూతురు అందులో తన వాటా కోసం కోర్టు మెట్లు ఎక్కాల్సిందే.

"కట్నం ఇచ్చాం కదా" అనేది అన్ని ఇళ్లలోనూ వినపడే జవాబు. 1961 వరకట్న నిషేధ చట్టం ప్రకారం కట్నం తీసుకోవడమే కాదు, ఇవ్వడమూ నేరమే. ఆ నేరాన్ని వాటా కింద జమకట్టమని ఎలా అడుగుతారు? పైగా ఆ డబ్బు చేరేది అల్లుడి ఇంటికి. కొడుకు ఇంజినీరింగ్ చదువుకు, వ్యాపారానికి పెట్టిన ఖర్చును అతని వాటాలోంచి తీసేసిన దస్తావేజు ఒక్కటి చూపించండి. పసుపు కుంకుమల కింద అరెకరం ఇచ్చామంటారు. రిజిస్టర్డ్ దస్తావేజు లేకుండా నోటిమాటతో ఇచ్చినదాన్ని, మేనల్లుళ్ల తరం వచ్చేసరికి నిలబెట్టుకోవడం చాలా కష్టం. వాటా అడిగిన కొడుకును "ఏ వైపు కావాలి?" అని అడుగుతారు. కూతురిని మాత్రం "నీకు పుట్టిల్లు వద్దా?" అంటారు.

ఇష్టపడి వదులుకోవడం కూడా ఆమె హక్కే. అయితే తెలిసి వదులుకోవాలి. పెదకర్మ వారంలో ఏ కాగితం మీదా సంతకం పెట్టకండి, చట్టంలో అంత తొందర ఎక్కడా లేదు. ప్రభుత్వ భూరికార్డుల వెబ్‌సైటు మీభూమిలో 1-బీ చూడండి, రిజిస్ట్రేషన్ శాఖ నుంచి ఈసీ (ఆ ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీల పత్రం) తీయించండి. డబ్బు తీసుకుని వదులుకుంటుంటే ఆ మొత్తం దస్తావేజులో రాయించి, మీ బ్యాంకు ఖాతాలోనే వేయించుకోండి. సబ్ రిజిస్ట్రారు ఎదుట ముట్టిన సొమ్మునైతే రిజిస్ట్రేషన్ చట్టం సెక్షన్ 58 ప్రకారం ఆయన దస్తావేజు మీదే నమోదు చేయాలి. స్టాంపు కాగితం మీద ఇంట్లో రాయించుకుని రిజిస్టరు చేయించని విడుదల పత్రంతో మీ వాటా పోదు. తండ్రి బతికుండగానే ఆయన స్వార్జితంలో "ముందు ముందు వాటా అడగను" అని రాయించుకున్నదీ సాధారణంగా చెల్లదు. మోసంతో సంతకం తీసుకుని ఉంటే, ఆ సంగతి తెలిసిన నాటి నుంచి మూడేళ్లలోపు రద్దు దావా వేయాలి. "అన్నయ్య తర్వాత చూస్తానన్నాడు" అంటూ ఎదురుచూసి గడువు పోగొట్టుకోవడం ఇక్కడే ఎక్కువ జరుగుతోంది.

గుంటూరు, ఎన్టీఆర్ జిల్లాల కలెక్టర్లను, రిజిస్ట్రేషన్ శాఖను కొత్త చట్టమేమీ అడగడం లేదు. కుటుంబ సభ్యుల ధ్రువపత్రం దరఖాస్తులో పెళ్లయిన కూతుళ్లకు, చనిపోయిన కూతుళ్ల పిల్లలకు విడిగా గడులు పెట్టండి. ఎవరూ లేరని రాస్తే ప్రమాణ పత్రం తీసుకోండి. మ్యుటేషన్ నోటీసు ఊళ్లో అంటించి ఊరుకోకుండా, కూతురు ఇప్పుడుంటున్న చిరునామాకు రిజిస్టర్డ్ పోస్టులో పంపండి. విడుదల దస్తావేజులో వాటా సెంట్లలో, దాని మార్కెట్ విలువ రూపాయల్లో రాయడం తప్పనిసరి చేయండి. సబ్ రిజిస్ట్రారు ప్రధానంగా తేల్చుకునేది సంతకం ఆమెదేనా అని. అన్నదమ్ములు లేనిచోట ఆమెను కూర్చోబెట్టి దస్తావేజు చదివి వినిపించడానికి పది నిమిషాలు చాలు. ఒక నకలు ఆమె చేతికీ ఇవ్వాలి. అసలు కాగితం అన్నదమ్ముల బీరువాలో ఉండిపోతే, తాను దేని మీద సంతకం పెట్టిందో ఏళ్ల తర్వాత ఆమె చెప్పలేకపోతుంది.

కోర్టు ఖర్చులకు భయపడేవాళ్లు జిల్లా న్యాయసేవాధికార సంస్థకు వెళ్లవచ్చు. మహిళలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా అక్కడ ఉచితంగా న్యాయవాదిని పెడతారు. ఫోను నంబరు 15100. దావా వేయకముందే లోక్ అదాలత్‌లో ఇరుపక్షాలనూ కూర్చోబెట్టి రాజీ కుదిర్చే వీలూ ఉంది. వెళ్లేటప్పుడు మరణ ధ్రువపత్రం, 1-బీ, ఈసీ, మీ తండ్రి పేరున్న పదో తరగతి సర్టిఫికెట్ పట్టుకెళ్లండి.

— కొందరు మహిళా న్యాయవాదులు,
బ్రాడీపేట, గుంటూరు