పాత బండ్ల సైలెన్సర్లు: ఆర్డర్ ఇచ్చినోళ్లకూ ఇద్దామనుకుంటున్నోళ్లకూ

అందరికీ నమస్తే. కాంటెస్సా, పద్మిని, అంబాసిడర్ పాత కార్లకు మేము చేతితోని చేసే సైలెన్సర్లకు అడ్వాన్స్ ఇచ్చినోళ్లు రోజూ ఫోన్ చేస్తున్నరు, "అన్నా ఏమైంది, ఇంకెన్ని రోజులు" అని, వెల్డింగ్ మధ్యల ఒక్కొక్కరికి మొత్తం చెప్పనీకి అయితలేదు, అందుకే అంతా ఒక్కదగ్గర రాస్తున్న, జర ఓపికతోని చదువుండ్రి. ముందే చెప్తున్న, సరుకు లేటయితది, కొత్త ఆర్డర్లకు రేటు కూడా పెరుగుతది. ఇప్పటికే అడ్వాన్స్ ఇచ్చినోళ్లకు మాత్రం పాత రేటే, అండ్ల మార్పు లేదు.

లేటెందుకంటే స్టీలు. 304 గ్రేడ్ (తొందరగ తుప్పు పట్టని మంచి స్టెయిన్‌లెస్ స్టీలు) అని బిల్లు మీద రాసి పంపిన పైపు వచ్చింది, అయస్కాంతం పెడితే అంటలేదు, సూస్తే మంచిగనే మెరుస్తున్నది. కానీ అయస్కాంతం అంటకపోతే 304 అనుకునుడు తప్పు, 200 సిరీస్ అనే చౌక స్టెయిన్‌లెస్ స్టీలుకు కూడా అంటదు. అండ్ల నికెల్ తగ్గించి మాంగనీస్ కలుపుతరు, ధర తక్కువ పడతది, తుప్పు మాత్రం తొందరగ పడతది. అందుకే మేము పైపు మీద ఒక చుక్క టెస్టింగ్ మందు ఏసి 9 వోల్టుల బ్యాటరీ వైర్లు ఆనిస్తం, మాంగనీస్ ఎక్కువుంటే చుక్క ఎర్రగయితది. మా కండ్ల ముందే ఎర్రగయింది. ఆ లాట్ మొత్తం వాపస్ పంపినం, సప్లయర్ పేరు ఇక్కడ రాయను, మాట్లాడుకుంటున్నం. ఆ పైపుతోనే చేసి ఇచ్చి ఉంటే మీకు ఈపాటికి సైలెన్సర్లు అందుతుండె, కానీ రెండు వానకాలాలు పోయినంక మీరు వెనక్కి వస్తుండె, అది నాకు ఇష్టం లేదు.

ఇగ అసలు పని గురించి, ఎందుకంటే "బయట రెడీమేడ్ దొరుకుతది కదా, నీదగ్గర గింత టైమ్ ఎందుకు" అని అడుగుతున్నరు. రెడీమేడ్ల రెండు రకాలున్నయి. ఒకటి ఒరిజినల్‌కు కాపీ, బయట అచ్చం అట్లనే ఉంటది, లోపల కూడా అదే సన్న పైపు, అవే అడ్డు రేకులు, ఇంజన్ మార్చిన బండికి ఊపిరి ఆడదు. రెండోది పర్ఫార్మెన్స్ అని అమ్మేది, పెద్ద గుండ్రటి డబ్బా, వెనక మెరిసే వెడల్పు మూతి, పాత కాంటెస్సా బంపర్ కింద అది పెడితే బండి అందమంత అక్కడే పోతది. మనకు కావాల్సింది ఈ రెండిటి నడుమ ఉన్నది, అది ఎవ్వరూ డబ్బాల పెట్టి అమ్ముతలేరు.

ఇప్పుడు షెడ్డుల ఉన్న కాంటెస్సా సంగతే చెప్త, ఓనరు హనుమకొండాయన, రాసుకోమన్నడు. 1984ల వచ్చిన మొదటి కాంటెస్సాలకు అంబాసిడర్ల ఉండే 1489 సీసీ ఇంజనే ఉండె, యాభై హార్స్‌పవర్ చుట్టుపక్కల. తర్వాత ఇసుజు 1.8 వచ్చింది, 1817 సీసీ, 88 హార్స్‌పవర్. ఈయనది మొదటి రకం బండి, అండ్ల ఇసుజు ఇంజన్ కూసోబెట్టిచ్చి, ఆర్సీల ఎక్కిచ్చుకున్నడు, క్యామ్ (ఇంజన్ వాల్వులను తెరిచేది), కార్బురేటర్ పని కూడ చేపిచ్చుకున్నడు. ఆయన అడిగింది ఒక్కటే, "మా నాయిన కొన్న బండి, వెనకనుంచి సూస్తే మా నాయిన బండే కనబడాలె, తొక్కితే మాత్రం ఉరకాలె." నాకు గిసుంటి కస్టమర్ అంటే పాణం.

దానికి ఏం చేస్తున్నమంటే, పాత సైలెన్సర్ కోడిగుడ్డు ఆకారం షెల్‌ను, అంటే బయటి డబ్బాను, కాయితం మీద గీసుకొని, మడత ఎక్కడ పడ్డది, చివర మూతల మీద గీతలెట్ల ఉన్నయి, అన్నీ అట్లనే పెట్టి కొత్త రేకుతోని చుడుతున్నం. లోపల అడ్డు రేకులు లేవు, బెజ్జాల పైపు ఒకటి సీదా పోతది, దాని చుట్టు ముందు స్టీల్ ఉన్ని, దాని మీద బసాల్ట్ ఉన్ని (రాయితోని చేసిన ఉన్ని), స్టీల్ ఉన్ని లేకుంటే గ్యాస్ దెబ్బకు పైది పీచులు పీచులుగ బయటికి కొట్టుకపోయి కొన్ని నెలలకే సౌండ్ పెరుగుతది. పైపు రెండంగుళాలు పెట్టినం. ఒకటీ ముప్పావు నుంచి రెండుకు పోతే పావు అంగుళమే తేడా అనిపిస్తది కానీ లోపల జాగ 30 శాతం పెరుగుతది. రెండున్నర పెట్టమని కూడా కొందరడుగుతరు, ఈ ఇంజన్‌కు వద్దంట నేను. ఇంజన్‌కు బ్యాక్ ప్రెషర్ (గ్యాస్ బయటికి పోకుండ ఎదురొచ్చే ఒత్తిడి) కావాలె అని చాలామంది అంటరు, దానికి కావాల్సింది ప్రెషర్ కాదు, గ్యాస్ పోయే స్పీడు. పైపు మరీ లావైతే స్పీడు తగ్గి కింది గేర్లల్ల బండి బద్దకంగ లేస్తది.

వెనక తోక పైపు మాత్రం ఒరిజినల్ సైజే, అదే వంపు, నేల దిక్కు సూసే అదే మూతి. అక్కడ సన్నగైతే అడ్డుపడదా అని అడుగుతరు. మేనిఫోల్డ్ (ఇంజన్‌లకెళ్లి గ్యాస్ బయటికొచ్చే కాడ) దగ్గర ఉన్న వేడి తోక దగ్గర ఉండదు, గ్యాస్ చల్లబడ్డకొద్ది దాని సైజు తగ్గుతది. ఉదాహరణకు 500 డిగ్రీల నుంచి 200కు దిగితే అదే గ్యాస్‌కు అరవై శాతం జాగ సాలు. అందుకే లావుండాల్సిన కాడ లావు పెట్టి, కనబడే కాడ పాత సైజుకు తెచ్చుకోవచ్చు.

అన్నింటికంటె మా తలకాయ తిన్నది బూమింగ్. బయట నిలబడి వింటే సౌండ్ మెత్తగ మస్తుంటది, కానీ జనగామ దిక్కు హైవే ఎక్కి 2500 ఆర్పీఎమ్ (నిమిషానికి ఇంజన్ తిరిగే సుట్లు) దగ్గర పట్టుకుంటే లోపల చెవులల్ల గుయ్యిమంటది, వెనక సీట్ల పెద్దోళ్లు కూసుంటే తలనొప్పే. నాలుగు సిలిండర్ల ఇంజన్ ఒక్క సుట్టుకు రెండుసార్లు పేలుస్తది, 2500 అంటే సెకనుకు 83 సార్లు, ఆ చప్పుడే బాడీని ఊపుతది. దానికి మందేందంటే మెయిన్ పైపుకు పక్కన ఒక మూసిన పైపు కలుపుడు. చప్పుడు అండ్లకు పోయి, మూసిన కాడ తాకి, ఎదురు తిరిగొచ్చి మెయిన్ పైపుల చప్పుడును కొట్టేస్తది. దాని పొడుగు ఆ చప్పుడు అల పొడుగుల నాలుగో వంతు ఉండాలె. వేడి గ్యాస్‌ల చప్పుడు సెకనుకు 450 మీటర్ల దాక పోతదని లెక్కేసుకుంటే 135 సెంటీమీటర్లు వస్తది, అంటే నాలుగున్నర ఫీట్లు దగ్గరదగ్గర. గంత పొడుగు పైపును బయట కనబడకుండ, పెట్రోల్ ట్యాంకుకు బ్రేక్ లైన్‌కు దూరంగ, యాక్సిల్ మీదికెళ్లి మలిపి పెట్టాలె. బండి బండికి ఆ వేడి వేరేగుంటది కాబట్టి పొడుగు కొంచెం పెంచి తగ్గించి సూసుకోవాలె. టైమ్ అంతా అక్కడనే పోతున్నది, అది వదిలేసి ఇయ్యమంటే నేను ఇయ్యలేను.

రేటు పెరుగుడు కూడా ఈ పనుల వల్లనే. వంపులన్నీ బాలానగర్ నుంచి మాండ్రెల్ బెండ్లు (లోపల కడ్డీ పెట్టి చప్పబడకుండ వంచినవి) తెప్పిస్తున్నం, మామూలుగ వంచితే మూల కాడ పైపు చప్పబడి లోపల జాగ తగ్గుతది. టిగ్ వెల్డింగ్ చేసేటప్పుడు పైపు లోపలికి కూడ ఆర్గాన్ వదులుతున్నం, లేకుంటే అతుకు లోపలి దిక్కు మాడి గరుకుగ అయితది, పగులు అక్కడనే మొదలైతది. గ్యాస్ ఖర్చు డబుల్.

పవర్ సంగతి. ఇంజన్ అంతా కంపెనీ సెట్టింగ్‌ల ఉన్న పద్మినికి ఈ సైలెన్సర్ ఒక్కటి పెడితే బండి ఎగిరిపోతదని నేను చెప్పను, తేడా కొంచెమే ఉంటది, గంత పైసలు పెట్టే ముందు కార్బురేటర్, టైమింగ్ సరిచేపిచ్చుకోండ్రి. క్యామ్, కార్బురేటర్ మార్చినోళ్లకు, పెద్ద ఇంజన్ ఎక్కిచ్చినోళ్లకు మాత్రం ఇది అవసరమే. పెట్టినంక కార్బురేటర్ల పెట్రోల్ వదిలే జెట్ మల్ల సరిచూడాలె, గాలి సాఫీగ పోతే పెట్రోల్ పాలు తగ్గి మిక్చర్ పల్చబడొచ్చు, ప్లగ్గు తీసి సూస్తే తెల్లగుంటది. ఊకె పెట్రోల్ పెంచుడు కూడ కాదు, 2000కు ముందు కార్లకు పొల్యూషన్ టెస్టుల సీఓ (కార్బన్ మోనాక్సైడ్) 3 శాతం దాటొద్దు.

ఇంకొక మాట, పెద్ద సౌండ్ కోసం నాకు ఫోన్ చెయ్యకుండ్రి. సౌండ్ తగ్గించే సైలెన్సర్ ప్రతి బండికి ఉండాలని సెంట్రల్ మోటార్ వెహికల్స్ రూల్స్ 120ల ఉన్నది, సౌండ్ పొల్యూషన్ కేసైతే సెక్షన్ 190 కింద 10,000 దాక జరిమానా, మూడు నెలల దాక జైలు, లైసెన్స్ కూడ మూడు నెలలు పోతది. ఇంజన్ మార్చినోళ్లు ఆర్సీల ఎక్కిచ్చుకోకుంటే ముందు ఆ పని చేసుకోండ్రి. 50 ఏండ్లు దాటిన బండికి వింటేజ్ రిజిస్ట్రేషన్ చేపిద్దామనుకునేటోళ్లు మాత్రం ఇంజన్ జోలికి పోకుండ్రి, అది ఒరిజినల్‌గ ఉన్న బండ్లకే.

సైలెన్సర్ తీసుకపోయినోళ్లకు ఒకటి గుర్తు చేస్తున్న, షెల్ కింద సన్న బెజ్జం ఒకటి ఉంటది, పగిలిందనుకొని వెల్డింగ్ పెట్టియ్యకుండ్రి. లీటర్ పెట్రోల్ కాలితే దగ్గరదగ్గర లీటర్ నీళ్లు తయారైతయి, హంటర్ రోడ్డు నుంచి నయీంనగర్ దాక, ఊర్లనే జర దూరం పొయ్యి ఆపేసే బండ్లల్ల ఆ నీళ్లు ఆవిరి కాకుండ లోపలనే నిలుస్తయి, అవి బయటికి పోనీకే ఆ బెజ్జం. వారానికొకసారన్న బండిని అర్ధగంట మంచిగ నడపండ్రి.

కొత్త స్టీలు టెస్టు అయినంక, అడ్వాన్స్ ఇచ్చిన వరుసల్నే ఒక్కొక్కరికి నేనే ఫోన్ చేస్త. ఆగలేమనేటోళ్లకు అడ్వాన్స్ మొత్తం వాపస్ ఇస్త, అండ్ల మొహమాటం ఏం లేదు. కొత్తగ ఆర్డర్ ఇచ్చేటోళ్లు బండితోని పాటు పాత ఒరిజినల్ సైలెన్సర్ తీసుకరాండ్రి, ఎంత తుప్పు పట్టినా, సగం ఊడిపోయినా సరే, పాత సామాన్లోళ్లకు ఎయ్యకుండ్రి, కొలతలు దాని మీదికెళ్లే తీసుకోవాలె.